నాన్నకు ఇమాటినిబ్ మార్చాలా? పీసీఆర్ 0.05 నుంచి 1.6కు పెరిగింది

నర్సంపేట రైతుబిడ్డ · మే 2, రాత్రి 9:48

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను కానీ ఒక్క మాటా రాయలేదు. ఈ రోజు రాయక తప్పడం లేదు.

మా నాన్నకు 56 ఏళ్లు, మిర్చి రైతు. నాలుగేళ్ల కిందట కడుపులో ఎడమ పక్క బరువుగా ఉందంటే గ్యాస్ అనుకుని నెల రోజులు గడిపేశాం. స్కానింగ్ తీస్తే ప్లీహం పెరిగిందన్నారు. తెల్లకణాలు లక్షా ఎనభై వేలు. ఎముక మజ్జ పరీక్ష చేసి క్రానిక్ మైలాయిడ్ ల్యూకేమియా, అంటే ఒక రకం రక్త క్యాన్సర్ అని తేల్చారు. అప్పటి నుంచి ఇమాటినిబ్ మాత్ర 400 మిల్లీగ్రాములు, రోజుకు ఒకటి. ఏడాది తిరిగేసరికి పీసీఆర్, అంటే రక్తంలో జబ్బు ఎంత మిగిలిందో చెప్పే పరీక్ష అంకె, 0.1 శాతం కిందికి దిగింది, అక్కడే నిలిచింది. నిరుడు నవంబరు 6న 0.05. మొన్న ఏప్రిల్ 26న ఇచ్చిన రక్తంలో 1.6 వచ్చింది.

జబ్బు కణాలు మందుకు లొంగకుండా మారాయేమో చూసే మ్యుటేషన్ పరీక్షకు రక్తం తీసుకున్నారు. ఫలితం రావడానికి మూడు వారాలు పడుతుందట. దాన్ని బట్టి మందు మార్చే సంగతి ఆలోచిద్దామని డాక్టరు గారు అన్నారు. నాన్నకు తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది, రెండేళ్ల కిందట గుండెకు స్టెంటు వేశారు. నాకు నిద్ర పట్టడం లేదు. ఈ మూడు వారాలు ఆగకుండా ఇప్పుడే బలమైన మందుకు మార్చమని అడగవచ్చా? నిలోటినిబ్ మంచిదా, డాసాటినిబ్ మంచిదా?

ఆర్మూరు పసుపు రైతు · మే 2, రాత్రి 10:15

తమ్ముడూ, ధైర్యంగా ఉండు. మా అన్నకూ ఇలాగే ఇమాటినిబ్‌తో అంకె దిగలేదు. నిలోటినిబ్‌కు మార్చారు, ఆరు నెలల్లో రిపోర్టులో ఏమీ కనిపించలేదు. కొత్త మందులు బలమైనవి, వేగంగా పనిచేస్తాయి. నా మాట విని రేపే వెళ్లి గట్టిగా అడుగు. ఆలస్యం చేయవద్దు.

కరీంనగర్ టీచరమ్మ · మే 3, ఉదయం 6:20

ఆర్మూరు అన్నయ్యా, మీ అన్నగారికి బాగైనందుకు సంతోషం. కానీ ఆయన వయసెంత, గుండె ఎలా ఉంది, షుగర్ ఉందా అన్నవి చెప్పకుండా అదే మందు ఇంకొకరికి చెప్పవద్దు. నేనూ నిలోటినిబ్ వాడినదాన్నే. దాన్ని తప్పు పట్టడం లేదు. నాకు 26 ఏళ్లప్పుడు మొదలుపెట్టారు. షుగర్ లేదు, గుండె జబ్బు లేదు, పిల్లలు కావాలన్న కోరిక ఉంది. అవన్నీ చూసి నాకు అది ఎంచారు.

నిలోటినిబ్ రక్తంలో చక్కెరను పెంచుతుంది. గుండెకు, కాళ్లకు వెళ్లే రక్తనాళాలు మూసుకుపోయే ప్రమాదం ఉంటుంది. స్టెంటు వేసిన మనిషికి, పైగా షుగర్ ఉన్న మనిషికి అది మొదట తలచుకోవలసిన మందు కాదు. వేగం మాట నిజమే. నిలోటినిబ్, డాసాటినిబ్ లాంటి రెండో తరం మందులతో అంకె త్వరగా, లోతుగా దిగుతుంది. అయితే మొదటి మందుగా వాడి పోల్చిన పెద్ద పరీక్షల్లో, ఏళ్ల తరబడి చూసినప్పుడు, బతికి ఉన్నవారి సంఖ్యలో ఇమాటినిబ్‌కు, వాటికి చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 'బలమైనది' అన్న మాట మనల్ని తొందరపెడుతుంది.

తమ్ముడూ, మూడు వారాలు ఆగడం వల్ల నాన్నగారికి నష్టం లేదు. 1.6 అంటే మంట అంటుకున్నట్టు కాదు.

వేదిక నిర్వాహకురాలు · మే 3, ఉదయం 8:05

కొత్త సభ్యుల కోసం ఒక మాట. ఇక్కడ ఎవరూ ఎవరి మోతాదూ మార్చరు, ఆపమని చెప్పరు. అనుభవం పంచుకోండి, ప్రశ్నలు తయారు చేసుకోండి, వాటిని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి. ఆసుపత్రుల మీద, డాక్టర్ల మీద ఫిర్యాదులు పేర్లతో రాయవద్దు.

హన్మకొండ మందుల షాపు · మే 3, మధ్యాహ్నం 2:30

ఇరవై రెండేళ్లుగా మందుల కౌంటర్ వెనక నిలబడుతున్నాను. నర్సంపేట తమ్ముడూ, ఏ మందుకు మారాలి అన్న ప్రశ్నకు ముందు నాకు రెండు సంగతులు చెప్పు. ఒకటి, నాన్నగారు రోజూ మింగే మాత్రలన్నీ. షుగరుకు, గుండెకు, కడుపుమంటకు, మోకాళ్లకు, ఊళ్లో ఎవరో ఇచ్చిన పొడితో సహా. రెండు, నవంబరు నుంచి ఇమాటినిబ్ కొన్న బిల్లులు.

బిల్లులు ఎందుకంటే, బాగా పనిచేస్తున్న మందు ఉన్నట్టుండి పనిచేయనట్టు కనిపిస్తే మొదట చూడవలసింది అది కడుపులోకి వెళ్లిందా లేదా అన్నది. లండన్‌లో 2010లో ఒక అధ్యయనం వచ్చింది. ఇమాటినిబ్ ఏళ్లుగా వాడుతున్న 87 మందికి మూతలో చిన్న చిప్పు ఉన్న సీసాలు ఇచ్చారు. మూత తెరిచిన ప్రతిసారీ తేదీ, సమయం నమోదవుతాయి.  ఆ చిప్పు నలుగురిలో ఒకరు నూటికి 90 కన్నా తక్కువ మాత్రలు వేసుకున్నారని చూపింది. అంకె బాగా దిగనివారిలో ఎక్కువమంది వాళ్లే.

నాన్నగారిని అనుమానిస్తున్నానని అనుకోవద్దు. నా సొంత తమ్ముడైనా ఇదే అడుగుతాను.

జగిత్యాల చిన్నమ్మ · మే 3, సాయంత్రం 5:12

పొడి అన్నారు కాబట్టి అడుగుతున్నాను బాబూ. మా ఆయనకు ఇదే జబ్బు. మా బంధువులొకరు తెచ్చిన మూలికల పొడి రోజూ పాలలో ఇస్తున్నాను. ఆపాలా?

హన్మకొండ మందుల షాపు · మే 3, సాయంత్రం 6:40

అక్కా, అందులో ఏముందో ఇచ్చినవారే చెప్పలేకపోతే ఈ మందుల పక్కన దాన్ని పెట్టవద్దు. పొట్లం తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. ఇమాటినిబ్‌ను మన కాలేయంలోని ఒక ఎంజైము కరిగిస్తుంది. కొన్ని పదార్థాలు ఆ ఎంజైమును నిద్రపుచ్చుతాయి, అప్పుడు మందు రక్తంలో ఎక్కువైపోతుంది. గ్రేప్‌ఫ్రూట్ అనే పులుపు పండు, కొన్ని ఫంగస్ మాత్రలు ఆ కోవలోవి. కొన్ని దాన్ని పరుగులు పెట్టిస్తాయి, మందు పనిచేయకముందే కరిగిపోతుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్ అలాంటిది. మన జిల్లాల్లో టీబీ ఉంది కాబట్టి ఇది గుర్తుంచుకోవాలి. ఏ దగ్గుకు, ఏ గడ్డకు వెళ్లినా ఫలానా రక్త క్యాన్సర్ మాత్ర వాడుతున్నామని ముందు చెప్పండి.

నర్సంపేట రైతుబిడ్డ · మే 5, రాత్రి 11:20

అన్నా, మీరు అడిగిన పని ఈ రోజు చేశాను.

అమ్మ బిల్లులన్నీ బియ్యం డబ్బా మీద ఇనుప తీగకు గుచ్చి పెడుతుంది. అవి తీసి మంచం మీద తేదీల వరుసన పరిచాను. నవంబరు పరీక్ష నాటికి ఇంట్లో పాత మాత్రలు లేవు. ఆ రోజు 30 కొన్నాం. తరువాత డిసెంబరు మొదట్లో 30, ఫిబ్రవరి మొదట్లో 30, మార్చి నెలాఖరులో 30. అంటే 120. ఏప్రిల్ 26న చూస్తే 14 మిగిలి ఉన్నాయి. నవంబరు 6 నుంచి ఏప్రిల్ 26 వరకు 171 రోజులు. వేసుకున్నవి 106.

నేను వరంగల్‌లో ఉద్యోగం చేస్తూ ఆదివారం ఆదివారం ఇంటికి వెళ్తాను. "మందు వేసుకున్నావా నాన్నా" అని ప్రతి వారం అడుగుతాను. "వేసుకున్నాను" అంటాడు. ఆదివారం వేసుకునేవాడు కూడా.

బిల్లులు చూసి నాన్న కొంతసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "మందు వేసుకున్న రోజు పిక్కలు పట్టేస్తాయిరా. సాలు మధ్య వంగితే లేవలేను. కూలీలు నలభై మంది వస్తారు, నేను గట్టు మీద కూర్చుంటే పని సాగదు. మిర్చి ఏరడం అయిపోయాక వరుసగా వేసుకుందామనుకున్నాను." తెల్లవారుజామున నాలుగున్నరకు ఖాళీ కడుపుతో మాత్ర వేసుకుని చేనుకు పోయేవాడట. గట్టు దాటకముందే వాంతి. అలా రెండు మూడు సార్లు అయ్యాక ఏరడం ఉన్న రోజుల్లో మానేశాడు.

నాలుగేళ్లుగా రిపోర్టులో అంకెలు చూశాను కానీ మాత్ర ఏ వేళకు వేసుకుంటున్నాడో ఒక్కసారీ అడగలేదు.

మిగతా మందులు: షుగరుకు మెట్‌ఫార్మిన్, గుండెకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్టరాల్‌కు అటోర్వాస్టాటిన్ 40, కడుపుమంటకు పాంటోప్రజోల్.

హన్మకొండ మందుల షాపు · మే 6, ఉదయం 10:10

నూటికి 62. తమ్ముడూ, నాన్నగారిని ఏమీ అనవద్దు. ఆయన నిజం చెప్పారు, అది పెద్ద సాయం. ఈ కాగితాలు అలాగే డాక్టరు గారి ముందు పెట్టు.

నీ జాబితాలో నాకు కనిపించినవి. ఇమాటినిబ్‌ను రోజులో పెద్ద భోజనంతో, పెద్ద గ్లాసుడు నీళ్లతో వేసుకోవాలి. ఖాళీ కడుపున వేస్తే వికారం, వాంతి సహజం. అది రాత్రి అన్నంతో వేసుకోవచ్చా, వేసుకున్నాక ఎంతసేపటికి పడుకోవచ్చు అని అడుగు. ఇక పిక్కలు పట్టేయడం. ఇమాటినిబ్‌తో కండరాల పట్టు ఉంటుంది, నిజమే. కానీ ఇమాటినిబ్ ఆ కాలేయ ఎంజైమును కొంత అడ్డుకుంటుంది. అటోర్వాస్టాటిన్ కూడా ఆ దారినే కరుగుతుంది. రెండూ కలిస్తే అటోర్వాస్టాటిన్ రక్తంలో పెరిగి కండరాల నొప్పులు రావచ్చు. స్టెంటు వేసినప్పుడు ఆ మాత్ర కలిసింది కదా? నొప్పులు అప్పటి నుంచేనా? ఇది తప్పక అడగవలసిన ప్రశ్న. కొలెస్టరాల్ మాత్ర సొంతంగా ఆపవద్దు, స్టెంటుకు అది అవసరం. ఆ దారిన కరగని మరో స్టాటిన్ ఉందా అన్నది వాళ్లు చూస్తారు.

పాంటోప్రజోల్ సంగతి మందు మార్చవలసి వస్తే గుర్తు పెట్టుకో. డాసాటినిబ్ కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి. ఆమ్లం తగ్గించే మాత్ర పక్కన ఉంటే అది సరిగా ఒంటపట్టదు. బోసుటినిబ్ అనే మరో మందుకూ ఆ ఇబ్బంది ఉంది. ఇమాటినిబ్‌కు లేదు. పైగా డాసాటినిబ్ ప్లేట్‌లెట్ల పనిని మందగింపజేస్తుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడే మనిషికి రక్తస్రావం భయం పెరుగుతుంది. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరడం కూడా దానితో చూస్తాం.

ఆర్మూరు పసుపు రైతు · మే 6, మధ్యాహ్నం 1:00

నేను తొందరపడి చెప్పాను. మా అన్నకు 34 ఏళ్లు, షుగర్ లేదు. ఇవన్నీ చూడాలని నాకు తెలియదు. తమ్ముడూ, ఏమీ అనుకోకు.

ల్యాబ్ పెద్దాయన · మే 7, రాత్రి 8:30

పదవీ విరమణ చేసిన ప్రయోగశాల ఉద్యోగిని. కాకతీయ మెడికల్ కాలేజీ దగ్గరే నా ఇల్లు. అంకెల గురించి నాలుగు మాటలు చెప్పాలి, చాలామంది రిపోర్టులో కుడి పక్క సంఖ్య ఒక్కటే చదువుతున్నారు.

ఈ జబ్బులో 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారవుతాయి. పొట్టిదైపోయిన ఆ 22వ క్రోమోజోమును 1960లో నోవెల్, హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు ఫిలడెల్ఫియాలో మొదట చూశారు. అందుకే దానికి ఆ ఊరి పేరు. ముక్కలు మార్చుకున్న సంగతి 1973లో జానెట్ రౌలీ పట్టుకున్నారు. అతుకు పడిన చోట పుట్టే బీసీఆర్-ఏబీఎల్ అనే ప్రొటీన్ ఆగకుండా కణాలను పుట్టిస్తుంది. ఇమాటినిబ్ దాని గూటిలో కూర్చుని పని ఆపుతుంది. అమెరికాలో 2001లో అనుమతి వచ్చింది. నా ఉద్యోగం తొలి రోజుల్లో ఈ రిపోర్టు మీద సంతకం పెడుతుంటే చేయి బరువెక్కేది. అప్పట్లో బతికేది మూడు నాలుగేళ్లు, లేదా మజ్జ మార్పిడి. ఇప్పుడు అదే జబ్బుతో మనుషులు మనవల పెళ్లిళ్లు చూస్తున్నారు. ఆ మార్పు నా కళ్ల ముందు జరిగింది.

పీసీఆర్ అంతర్జాతీయ కొలమానంలో ఇచ్చారో లేదో చూడండి. మొదలుపెట్టిన మూడు నెలలకు 10 శాతం లోపు, ఆరు నెలలకు 1 లోపు, ఏడాదికి 0.1 లోపు రావాలన్నది మామూలు లెక్క. వీలైనంత వరకు ఒకే ల్యాబులో చేయించండి, ల్యాబు మారితే అంకె కొంత అటూ ఇటూ అవుతుంది. ఇంకొకటి. అతుకు పడే చోటు అందరిలో ఒకటి కాదు. ఎక్కువమందిలో పీ210 అనే రకం. అరుదైన రకాలను మామూలు పరీక్ష పట్టుకోలేదు, జబ్బు ఉన్నా సున్నా చూపిస్తుంది. కాబట్టి మొట్టమొదటి రిపోర్టు పారేయకండి, ఏ రకమో అందులో ఉంటుంది. మా ఇంటి పక్కాయన ఇల్లు మారేటప్పుడు పాత కాగితాలన్నీ తూకానికి వేసేశారు. మళ్లీ కనుక్కోవడానికి ఎంత తిరిగారో చూశాను.

మంచిర్యాల · మే 9, సాయంత్రం 7:45

క్షమించాలి, మధ్యలో వస్తున్నాను. మా ఆవిడదీ క్రానిక్ ల్యూకేమియానే. ఇక్కడ చెబుతున్న మాత్ర ఏదీ ఆమెకు ఇవ్వలేదు. రెండేళ్లుగా అసలు మందే లేదు, మూడు నెలలకోసారి రక్తపరీక్ష ఒక్కటే. మా అత్తవారు నన్ను నిర్లక్ష్యం చేస్తున్నావని నిలదీస్తున్నారు.

కరీంనగర్ టీచరమ్మ · మే 9, రాత్రి 8:10

అన్నయ్యా, వదినగారిది క్రానిక్ లింఫోసైటిక్ రకమై ఉంటుంది. పేరులో సగం ఒకటే కానీ జబ్బు వేరు. అందులో కణాలు నెమ్మదిగా పెరుగుతున్నప్పుడు, లక్షణాలు లేనప్పుడు ముందే మందు మొదలుపెడితే ఎక్కువ కాలం బతుకుతారని తేలలేదు. అందుకే వేచి చూస్తారు. అదీ వైద్యమే. మందు అవసరమైన రోజున 17వ క్రోమోజోములో ముక్క పోయిందా, టీపీ53 జన్యువు ఎలా ఉంది, ఐజీహెచ్‌వీ అనే మరో జన్యువు ఎలా ఉంది అన్నవి చూసి మందు ఎంచుతారు. 17లో ముక్క పోయినవారికి పాత కీమో సరిగా పనిచేయదు, ఇబ్రుటినిబ్, వెనెటోక్లాక్స్ లాంటి మాత్రల వైపు చూస్తారు. అత్తవారిని ఒకసారి మీతో డాక్టరు గారి దగ్గరికి తీసుకువెళ్లండి. వాళ్లే స్వయంగా వింటే నమ్ముతారు.

నర్సంపేట రైతుబిడ్డ · మే 24, రాత్రి 9:05

మ్యుటేషన్ ఫలితం వచ్చింది. ఏమీ కనిపించలేదు.

నిన్న కాజీపేటలో రైలెక్కి నాన్నతో హైదరాబాదు వెళ్లాను. బిల్లుల లెక్క ఒక తెల్లకాగితం మీద రాసుకుని వెళ్లి డాక్టరు గారి ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చూశారు. ఆ తరువాత నాతో కాదు, నాన్నతో మాట్లాడారు. ఏరడం ఎన్ని రోజులుంటుంది, ఎన్నింటికి లేస్తారు, ఎప్పుడు తింటారు, పిక్కలు ఏ వేళ పట్టేస్తాయి. నాన్న మొదట నేల చూపులు చూశాడు. తరువాత మిర్చి ధర దాకా చెప్పుకొచ్చాడు.

ఇమాటినిబ్ మార్చలేదు. రాత్రి భోజనంతో వేసుకోమన్నారు. గుండె డాక్టరుతో ఫోనులో మాట్లాడి అటోర్వాస్టాటిన్ తీసి రోసువాస్టాటిన్ రాశారు. కండరాలకు సంబంధించిన రక్తపరీక్ష, కాల్షియం, ఫాస్ఫరస్, మెగ్నీషియం చూశారు. మూడు నెలలు ఒక్క మాత్రా తప్పకుండా వేసుకున్నాక అంకె దిగకపోతే అప్పుడు మారుద్దామన్నారు. ఈ పరీక్షలో కనిపించలేదంటే మ్యుటేషన్ అసలు లేదని అర్థమా అన్నది అడగడం మరచిపోయాను.

ల్యాబ్ పెద్దాయన · మే 25, ఉదయం 7:00

పూర్తిగా లేదని కాదు బాబూ. సాంగర్ అనే పాత పద్ధతిలో చేసి ఉంటే, వందలో 15 నుంచి 20 అణువుల్లో మార్పు ఉంటేనే కనిపిస్తుంది. కొత్త పద్ధతులు ఇంకా చిన్నవాటినీ పడతాయి. కానీ మీ నాన్నగారి విషయంలో 65 రోజుల ఖాళీ కళ్ల ముందు ఉంది. దాన్ని పూడ్చి చూడటమే ముందు చేయవలసిన పని. డాక్టరు గారి నిర్ణయం నాకు నచ్చింది.

సిరిసిల్ల తమ్ముడు · మే 26, రాత్రి 10:50

మ్యుటేషన్ వచ్చినవాణ్ణి నేను. సాంచెల (మరమగ్గాల) మీద పని. వయసు 38. ఒక్క రోజూ మాత్ర తప్పలేదు, అయినా నాకు వచ్చింది. టీ315ఐ. ఆ ప్రొటీన్‌లో 315వ స్థానంలో థ్రియోనిన్ ఉండవలసిన చోట ఐసోల్యూసిన్ వచ్చి కూర్చుంటుందట. దాంతో ఇమాటినిబ్, నిలోటినిబ్, డాసాటినిబ్, బోసుటినిబ్ నాలుగూ పనిచేయవు. పరీక్ష చేయకుండా వరుసగా ఒక్కో మందూ మార్చి ఉంటే ఏడాది పోయేది. అందుకే ఆ పరీక్ష విలువ నాకు తెలుసు. వేరే మార్పులకు వేరే మందులుంటాయి. మా వార్డులో ఒకాయనకు ఎఫ్317ఎల్ వస్తే నిలోటినిబ్ ఇచ్చారు. ఇంకొకరికి వై253హెచ్ వస్తే దానికి డాసాటినిబ్.

నాకు పొనాటినిబ్ అనే మందు 45 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, అంకె 1 కిందికి రాగానే 15కు తగ్గించారు. రక్తనాళాలు మూసుకునే ప్రమాదం దీనికి ఎక్కువ, అందుకని రోజూ రక్తపోటు చూసి నోటుబుక్కులో రాస్తాను. ఆసిమినిబ్ అనే మరో మందు ఉంది, అది మిగతావి కూర్చునే గూటిలో కాకుండా వేరే చోట పట్టుకుంటుంది. ఖర్చు ఎక్కువ, దాని గురించి అడుగుతున్నాం.

నర్సంపేట అన్నా, మాత్ర తప్పినవాళ్లకే మందు విఫలమవుతుందని మాత్రం ఇక్కడ ఎవరూ అనుకోవద్దు. ఆ మాట నన్ను చాలా రోజులు బాధ పెట్టింది.

హన్మకొండ మందుల షాపు · మే 26, రాత్రి 11:15

తమ్ముడూ, నీ మాట న్యాయమైనది. లెక్క చూసేది తప్పు ఎవరిదని తేల్చడానికి కాదు. ఇంట్లో కారణం దొరికితే మందు మార్చే పని తప్పుతుంది, దొరకకపోతే నీలా వెంటనే తరువాతి దారి చూడాలి.

ఖర్చు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు గ్లివెక్ (ఇమాటినిబ్ అసలు బ్రాండు) పేటెంటు దరఖాస్తును తోసిపుచ్చింది. అప్పట్లో ఆ బ్రాండు నెలకు లక్షా ఇరవై వేల వరకు, మన కంపెనీల మాత్ర ఎనిమిది వేల చుట్టూ ఉండేది. ఆ తీర్పు అటు పోయి ఉంటే ఈ వేదికలో సగం మంది ఉండేవాళ్లం కాదు. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నవారు ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

కరీంనగర్ టీచరమ్మ · జూన్ 14, ఉదయం 6:40

నా సంగతీ చెప్పమని ఇద్దరు అడిగారు. నిలోటినిబ్ రోజుకు రెండు సార్లు, తినడానికి రెండు గంటల ముందు నుంచి, వేసుకున్నాక గంట వరకు ఏమీ తినకూడదు. ఆరున్నరేళ్లు గడియారం చూసి బతికాను. బతుకమ్మ ఆడి వచ్చి అందరూ సత్తుపిండి చేతిలో పెడుతుంటే, తొమ్మిది దాటలేదని కొంగులో కట్టుకుని ఇంటికి తెచ్చుకునేదాన్ని. ఈ మందుల మీద ఉండగా గర్భం దాల్చకూడదు. నాకు నాలుగేళ్లకు పైగా పీసీఆర్‌లో జబ్బు దాదాపు కనిపించనంత లోతైన ఫలితం నిలిచాక, డాక్టరు పర్యవేక్షణలో ఆపాను. మొదటి ఆరు నెలలు నెలనెలా పీసీఆర్. ఆపినవారిలో దాదాపు సగం మందికి జబ్బు తిరిగి కనిపిస్తుంది, ఎక్కువగా ఆ ఆరు నెలల్లోనే. మళ్లీ మందు మొదలుపెడితే దాదాపు అందరికీ అదుపులోకి వస్తుంది. ఆపిన రెండో వారం నుంచి కీళ్ల నొప్పులు వచ్చాయి, మూడు నెలలకు తగ్గాయి. ఇప్పటికి పద్నాలుగు నెలలు. ఇప్పుడు నాకు ఐదో నెల.

ఇది చదివి ఎవరూ సొంతంగా మాత్ర ఆపవద్దు. నెలనెలా పరీక్ష చేయించే వీలు లేకపోతే అసలు ఆలోచించవద్దు.

నర్సంపేట రైతుబిడ్డ · ఆగస్టు 29, రాత్రి 9:30

మూడు నెలల పరీక్ష వచ్చింది. 0.19. ఇంకా 0.1 దాటి కిందికి రావాలి కానీ డాక్టరు గారు దారిలోనే ఉన్నామన్నారు. మందు మార్చడం లేదు.

పిక్కలు పట్టేయడం పూర్తిగా పోలేదు, బాగా తగ్గింది. రాత్రి అన్నం కంచం పక్కన అమ్మ మాత్ర పెడుతుంది, పెద్ద చెంబుతో నీళ్లు పెడుతుంది. నాన్న ఖాళీ పట్టీలు పారేయడం లేదు, పాత బిల్లుల తీగకే గుచ్చుతున్నాడు.

కరీంనగర్ టీచరమ్మ · ఆగస్టు 29, రాత్రి 9:52

చాలా సంతోషం తమ్ముడూ. మరి జనవరిలో ఏరడం మొదలైనప్పుడు? ఆ సంగతి ఇప్పుడే మాట్లాడుకున్నారా?

నర్సంపేట రైతుబిడ్డ · ఆగస్టు 30, ఉదయం 5:50

మాట్లాడుకున్నాం అక్కా. నారు నాటడం ఈ వారమే మొదలైంది. నిరుడు నాలుగు ఎకరాలు, ఈసారి రెండున్నరే వేస్తున్నాడు. మిగతాది మొక్కజొన్న. ఏరడం జరిగేటప్పుడు కూలీల దగ్గర మా బాబాయి ఉంటానన్నాడు. పరీక్ష నవంబరు చివర ఒకటి, ఫిబ్రవరి చివర ఒకటి రాయించుకున్నాం, రెండోది సరిగ్గా ఏరుతున్న రోజుల మధ్యలో. ఆ తేదీ నాన్నే అడిగాడు.